పీల్చెటోళ్ల ఇంటికి సుజాతతో

మానవపాడు పక్కనున్న పీల్చెటోళ్ల ఇంటికి పోదలచిన వాళ్లు ముందుగా షుగర్ పరీక్ష చేయించుకోవాలి. అది తెలియక దూరం నుంచి వచ్చి గడప దగ్గరే వెనక్కి మళ్లిన వాళ్లున్నారు. రెండోది, మీ మనిషి పోయి ఏడాది నిండి ఉండకూడదు. ఏడాది దాటిన దుఃఖం వాళ్లకు సయించదు. మూడోది, వాళ్లను చూసి కాస్త భయపడాలి. భయం వేయకపోయినా వేసినట్టు ఉండాలి. లేకపోతే నొచ్చుకుంటారు.

పీల్చెటోళ్లు అన్నది చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పెట్టిన పేరు. నెత్తురు తాగే జాతి, మంత్రాలు తెలిసిన జాతి. మనుషుల్లో కలవరు. ఒకప్పుడు తుంగభద్ర పొడుగునా వీళ్ల ఇళ్లుండేవట, ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఎవరిని పడితే వాళ్లను కొరకరు. దుఃఖంలో ఉన్న మనిషి నెత్తురే వాళ్ల తిండి. మణికట్టు దగ్గర కొద్దిగా తాగుతారు, దాంతోపాటు దుఃఖాన్ని కూడా లాగేస్తారు. ఆ తర్వాత మనం హాయిగా నిద్రపోతాం. పోయిన మనిషి పేరు, వరుస, పోయిన రోజు గుర్తుంటాయి. మిగతాది ఉండదు. పక్క వీధిలో ఎవరో పోయారని విన్నట్టు ఉంటుంది.

నా భర్త రమణ పోయిన వానాకాలంలో చనిపోయాడు. ఆయన చెల్లెలు సుజాత గద్వాలలో జాకెట్లు కుడుతుంది. అన్న పోయినప్పటి నుంచి మిషను ముందు కూర్చుంటే చాలు, ఆమెకు ఏడుపు వస్తోంది. కొలతలు తప్పుతున్నాయి. ఒకామె జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టి ఇచ్చింది. కళ్ల డాక్టరు ఏడుపు తగ్గించమన్నాడు, ఎలా తగ్గించాలో చెప్పలేదు. ఏడాది నిండడానికి వారం ఉందనగా నాకు ఫోన్ చేసింది.

"వదినా, నేను మానవపాడు పోతున్న. ఇగ నాతోని కాదు. నువ్వు గూడ రా, ఇద్దరం తాగిపిచ్చుకుందం."

తోడు వస్తాను గానీ తాగించుకోనన్నాను. మాకు పిల్లలు లేరు. అత్తమామలు ఎప్పుడో పోయారు. ఆయన ఎలా నవ్వేవాడో, ఏ కూర చూస్తే పళ్లెం పక్కకు జరిపేవాడో తెలిసిన వాళ్లం ఈ భూమ్మీద ఇద్దరమే. వారానికి రెండుసార్లు ఫోన్లో అవే మాటలు మళ్లీ మళ్లీ చెప్పుకునే వాళ్లం. సుజాత తన దుఃఖం వదిలించుకుంటే ఆయన గురించి మాట్లాడుకోవడానికి నాకు మనిషి ఉండదు. వద్దని చెప్పడానికి నాకున్న కారణం అదొక్కటే. ఆమె కళ్లు పోతున్నాయి. నా కారణం పైకి అనదగ్గదిగా నాకే అనిపించలేదు.

నాగర్‌కర్నూల్‌లో ఉదయం ఆరున్నర బస్సు ఎక్కాను. గోపాల్‌పేట మీదుగా వనపర్తికి వెళ్లే బస్సు. తొలకరి పడింది, పత్తి విత్తనాల సంచులతో సగం సీట్లు నిండి ఉన్నాయి. పక్కన కూర్చున్న ఆవిడ ఒడిలో కోడిపిల్లల గంప పెట్టుకుని, నేను ఎక్కడికి పోతున్నానో రెండు ఊళ్లు దాటేలోపే రాబట్టింది. వాళ్ల పక్కింటామె కూడా అక్కడికి పోయి వచ్చిందట. మంచిదైందా అని అడిగాను.

"ఆమెకు మంచిగనే అయింది. మొగని ఫొటో తుడ్సుకుంట, ఈయనకు మీసాలు జర ఎక్కువున్నయ్ గద అంటది. మాకే ఏం జెప్పాల్నో తెల్వదు."

వనపర్తిలో ఇడ్లీ తిని గద్వాల బస్సు పట్టుకున్నాను. బీచుపల్లి దగ్గర కృష్ణలో నీళ్లు అప్పుడప్పుడే ఎర్రబడుతున్నాయి. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు చాలాసేపు ఆగింది. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. పన్నెండు దాటాక గద్వాల చేరాను. ఆ రాత్రి సుజాత ఇంట్లోనే. జొన్న రొట్టె, వంకాయ కూర పెట్టింది. కుట్టకుండా మిగిలిన జాకెట్ గుడ్డలు మంచం మీద గుట్టగా ఉంటే, వాటిని కింద పెట్టి నాకు పక్క వేసింది.

మరునాడు పొద్దున కర్నూలు వైపు పోయే ప్యాసింజరు ఎక్కాం. దాని వేళ ఇక్కడ రాయను, అది ఆ వేళకు రాదు. మానవపాడు స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ దొరుకుతాయి. అక్కడే తినండి, ఎందుకంటే మీరు పోయే ఇంట్లో మీకు ఏమీ పెట్టరు. ఆటోవాళ్లలో ముగ్గురు ఆ ఇంటి పేరు చెప్పగానే తల అడ్డంగా ఊపారు. ఖాజా అనే పెద్దాయన ఒక్కడే రానూపోనూ ఒప్పుకున్నాడు. భయం లేదా అని సుజాత అడిగింది.

"నాకు షుగరమ్మా. నన్ను ముట్టరు. గందుకే గాడికి నేనొక్కన్నే పోత. సవారీలన్ని నాకే."

వాళ్లకు షుగర్ అంటే ఎందుకంత పట్టింపో కూడా ఆయనే చెప్పాడు. ఒకప్పుడు దుఃఖంలో ఉన్న ఎవరి నెత్తురైనా తాగేవాళ్లట. ఇప్పుడు ప్రతి ఇంట్లో షుగర్ ఉంది. ఆ నెత్తురు తాగి తాగి వాళ్ల కోరలు పుచ్చిపోయాయి. కర్నూలులో పళ్ల డాక్టరు దగ్గరికి కూడా ఖాజానే తీసుకుపోయాడు. డాక్టరు బ్రష్ ఎలా చేయాలో చూపించి పంపాడట.

మీరు వినే ఉంటారు, ఆ ఇంటి చుట్టూ మాయపొగ ఉంటుంది, కొత్తవాళ్లకు దారి దొరకదు అని. పొగ ఉన్న మాట నిజం. నల్లరేగడి చేల మధ్య తెల్లగా గోడలా నిలబడి ఉంది. ఫోన్‌లో మ్యాప్ చూస్తే మేము తుంగభద్ర నడి నీళ్లలో ఉన్నట్టు చూపించింది. ఖాజా ఆటో ఆపి బీడీ వెలిగించుకున్నాడు. కాసేపటికి ఒక మేకల మంద వచ్చింది. మేకలు ఆ పొగను పట్టించుకోలేదు. వాటికి ఆ ఇంటి వెనక తుమ్మచెట్టు కావాలి. ఖాజా వాటి వెనకాలే ఆటో పోనిచ్చాడు. ఈ జాతి తరతరాల మంత్రవిద్య అంతా మేకల దగ్గర పనికిరాదని తెలిసి ఎన్నేళ్లయిందో గానీ, వాళ్లకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇల్లు ఒకప్పటి దొరల గడీ. గడీలో ఉండి నెత్తురు తాగే వాళ్లు ఈ ప్రాంతానికి కొత్త కాదు. కాకపోతే వీళ్లు ముందు అడిగి తాగుతారు. ఎండకు బూడిదైపోతారని ఎక్కడో చదివాను. మేము వెళ్లేసరికి పదకొండు దాటింది, ఎండ మాడ్చేస్తోంది, ఇంటి యజమాని అరుగు మీద కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు. ఈ జిల్లా వేసవులు కాచిన చర్మానికి ఇంకే ఎండా లెక్క కాదనుకుంటాను. ఆయన పేరు విభావరీశ్వరుడు. ఊళ్లో ఈశ్వరయ్య అంటారు. మమ్మల్ని చూసి గబగబా లేచి, లోపలికి పోయి, నల్లటి శాలువా కప్పుకుని తిరిగి వచ్చాడు.

"ఏకాంతవాసులమగు మా నివాసమునకు ఏతెంచిన మానవ కాంతలారా, మీ ఆగమన కారణంబెయ్యది?" అన్నాడు.

"నిన్న ఫోన్ జేసినం గద సార్," అంది సుజాత.

ఆయన శాలువా సర్దుకున్నాడు. తర్వాత తన వయసు మూడు వందల ఏళ్లని, అంధకారమే తన తల్లి అని చెప్పాడు. లోపలి నుంచి ఆడగొంతు ఒకటి రెండు వందల ఎనభై అని సవరించింది. ఆ గొంతు ఆయన భార్య నీలవ్వది. గోడకు ఒక దీపం నూనె లేకుండా, వత్తి లేకుండా వెలుగుతోంది. దాని కింద ఫోను ఛార్జర్ ఖాళీగా వేలాడుతోంది. మంత్రంతో దీపం వెలుగుతుంది గానీ ఫోనుకు ఛార్జింగ్ ఎక్కదట. దానికోసం మానవపాడు పోయి వస్తారు.

మమ్మల్ని లోపల కూర్చోబెట్టారు. గదిలో మూల ఈశ్వరయ్య తమ్ముడు మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇంకో పక్క ఒక మంచం, దాని మీద మడత నలగని దుప్పటి, పక్కన చెంబు. ముగ్గురి కళ్లూ పీక్కుపోయి ఉన్నాయి. దుఃఖం తాగి బతికే వాళ్ల కళ్లు అలా ఎందుకున్నాయో నాకు అర్థం కాలేదు. ఏమైందని అడిగాను. ఈశ్వరయ్య మళ్లీ గ్రాంథికం మొదలుపెట్టబోతే నీలవ్వ ఆపింది.

వాళ్ల పెద్దవ్వ పోయింది. అంటే ఆ అన్నదమ్ముల తల్లి, నీలవ్వ అత్త. ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం పడుకున్న మనిషి లేవలేదు. ఆ ఇంట్లో చావు జరగడం వాళ్లెవరూ ఎరగరు. ఎందుకు పోయిందో తెలియక మంత్రాలన్నీ వేసి చూశారట. వయసై పోయి ఉంటుంది అన్నాను. ముగ్గురూ తలలెత్తి నా వైపు చూశారు. ఆ కారణం వాళ్లకు తట్టలేదు.

తర్వాత వాళ్లు చేసిన పని నీలవ్వ చెప్పింది.

"మాకు ఏడ్సుడు రాదమ్మా. ఎవరన్న ఏడ్సుకుంట వస్తే తాగుతం, గంతే. అవ్వ పోయిన దినం గూడ గదే జేసినం. ఆయనది నేను తాగిన. నాది మా మరిది తాగిండు. మరిదిది ఆయన తాగిండు. పొద్దుగాల సూస్తే మళ్ల గట్లనే ఉండె. మళ్ల తాగినం."

అప్పటి నుంచి రోజూ అదే. ఒకరి దుఃఖం ఒకరిలోకి, అక్కడి నుంచి ఇంకొకరిలోకి. కడుపు నిండదు, తగ్గదు. దుఃఖం వదిలించుకోవడం తప్ప దాంతో ఇంకేం చేయవచ్చో ఆ జాతికి ఇన్ని వందల ఏళ్లలో తెలుసుకోవాల్సిన అవసరం పడలేదు.

అసలు పేచీ అది కాదు. తాగిన దుఃఖంతో పాటు జ్ఞాపకాలు కూడా తాగిన వాళ్లకే పోతాయి. పోయి అక్కడే ఉంటాయి. ఇప్పుడు పెద్దవ్వ ఒడిలో పడుకోవడం, పాలు తాగడం నీలవ్వకు గుర్తున్నాయి. ఆమె ఆ ఇంటికి పెళ్లై వచ్చిన కోడలు. కోడలిగా ఆమె ముప్పై ఏళ్లకొకసారి మారిన అత్త మూడ్‌లు భరించిన సంగతులన్నీ తిరిగి తిరిగి పెద్దకొడుకుకు చేరాయి. ఈశ్వరయ్య శాలువా తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడు మామూలు మనిషిలా మాట్లాడాడు.

"తెచ్చిన నెత్తుర్ల ఉప్పెక్కువైందని తలుపు బయట నిలబెట్టేదమ్మా నన్ను. మా అమ్మ గింత గయ్యాళిదని నాకు తెల్వదు."

"నిన్ను నిలబెట్టలే, నన్ను నిలబెట్టింది," అంది నీలవ్వ. "గప్పుడు చెప్తే విన్నవా నువ్వు?"

మూల నుంచి తమ్ముడు, కోడిని గుమ్మడికాయగా మార్చినందుకు అమ్మ తనను కొట్టిందని మొత్తుకున్నాడు. ఆ దెబ్బలు తనవని ఈశ్వరయ్య అన్నాడు. ఎవరి దెబ్బలు ఎవరివో తేలలేదు. నేను సుజాత వైపు చూశాను. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. నాకూ ఆగలేదు. ఏడాదిలో మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదటిసారి. అప్పుడు నాకు ఆశ పుట్టింది, ఇది చూశాక సుజాత మనసు మార్చుకుంటుందని.

బయట అరుగు మీదికి తీసుకుపోయి అడిగాను, వెళ్దామా అని. ఆమె వేరేగా ఆలోచించింది.

"పారబోస్తలేరు గద వదినా. వీళ్ల తానే ఉంటయి. అన్న యాడికి పోడు. నాకు కండ్లు గావాలె, మిషన్ ఎక్కాలె. నువ్వే చెప్పు, తప్పా?"

తప్పు కాదన్నాను. అబద్ధం చెప్పలేదు.

లోపలికి వచ్చాం. ఈశ్వరయ్య, నేను కూడా కూర్చుంటానా అని ఆశగా అడిగాడు. నాకు బీపీ మాత్రమే ఉందని సుజాత ముందే చెప్పేసింది, ఉప్పగా ఉంటే పరవాలేదని ఆయన అన్నాడు. నాది నా దగ్గరే ఉండనివ్వమన్నాను. అంత మంచి సరుకు ఇంట్లో పెట్టుకుని పాడు చేసుకునే వాళ్లను చూసినట్టు చూశాడు.

తాగేది నీలవ్వ. ఆ ఇంట్లో ఆమె చేయి తేలిక అని పేరు. పని మొదలుపెట్టే ముందు ఒక ఆచారం ఉంది. పోయిన మనిషి గురించి ఒక్క సంగతి పైకి చెప్పాలి. దుఃఖం ఎక్కడ ఊరుతోందో తెలిస్తే అక్కడి నుంచి లాగుతారట. నీలవ్వ తన కోరలు కొంగుతో తుడుచుకుంటూ, వచ్చినవాళ్లు చెప్పే సంగతులు ఎక్కడికీ పోవని మాకు నమ్మకం కలిగేలా కొన్ని చెప్పింది. అయిజ వైపు ఒక ముసలాయన నిద్రలేవగానే మూడుసార్లు దగ్గి, నాలుగోసారి భార్యను పిలిచేవాడు. ఆ భార్య ఆ దగ్గును మరచి ఎన్నాళ్లో అయింది. నీలవ్వకు మాత్రం రోజూ పొద్దున ఆ దగ్గు వినిపిస్తుంది.

సుజాత ఎడమ చేయి చాపి, నా వైపు చూడకుండా చెప్పింది.

"మా అన్న ఆదివారం ఆదివారం గద్వాల వచ్చేటోడు. పేకాటకు పోతున్న అని వదినెకు చెప్పి వచ్చేటోడు. పేకాట లేదు ఏం లేదు. పెండ్లిండ్ల సీజన్ల నాకు ఒక్కదానికి పని తెమిలేది గాదు. కూసోని జాకెట్లకు హుక్కులు కుట్టేటోడు, అంచులు మడిచేటోడు. మగోడు సూది పట్టిండని ఎవరికన్న తెలుస్తదని తలుపు గొళ్లెం పెట్టేటోడు."

నాకు తెలియదు. ఎన్నో ఆదివారాలు ఆ పేకాట గురించి నేను ఆయనతో గొడవపడ్డాను. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు. తల వంచుకుని అన్నం తినేవాడు. ఇంకా అడగాలనుకున్నాను. ఎప్పటి నుంచి, ఎన్నేళ్లు, ఏం మాట్లాడుకునేవాళ్లు. సుజాతా అని పిలిచాను. ఈశ్వరయ్య తమకు ఆకలవుతోందని విసుక్కున్నాడు. ఒక్క సంగతి చాలు, పురాణం వద్దన్నాడు. ఆయనే పొద్దున ఏకాంతవాసులమని మొదలుపెట్టినవాడు. నీలవ్వ అప్పటికే మణికట్టు మీదికి వంగింది.

ఎక్కువసేపు పట్టలేదు. సుజాత ఒకసారి అబ్బా అంది. నీలవ్వ తల ఎత్తి, పెదవులు తుడుచుకుని, పసుపు అద్ది గుడ్డ కట్టింది. సుజాత చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఇంజెక్షన్ కంటే నయమని నాతో చెప్పింది. ఆమె ముఖం ఏడాది కిందటి ముఖంలా తేరుకుంది. నేను చెడ్డదాన్ని కాదు, నాకు సంతోషమే కలిగింది. ఆ సంతోషం గడప దాటేవరకు ఉంది.

బయటికి వచ్చేటప్పుడు నీలవ్వ నన్ను పక్కకు పిలిచి, ఏడవడం ఎట్లా అని అడిగింది. అవ్వ మంచం ఏం చేయాలి, చెంబు ఏం చేయాలి. నేను నాకు తెలిసింది చెప్పాను. ఒకరిది ఒకరు తాగడం ఆపేయండి, ఎవరికి వచ్చింది వాళ్ల దగ్గరే ఉండనివ్వండి, చెంబు కొన్నాళ్లు అక్కడే ఉంచండి. గట్ల ఉంచుకుంటే నొస్తది గద అంది. నొస్తుంది అన్నాను. అంత పెద్ద వయసు మనిషి చిన్నపిల్లలా నమ్మలేనట్టు చూసింది.

ఖాజా మేకలతో పాటే చెట్టు కింద నిద్రపోతున్నాడు. లేపి స్టేషన్‌కు వచ్చాం. సాయంత్రం బండిలో కిటికీ పక్క సీట్లు దొరికాయి. సుజాత పల్లీలు కొని, చాలా రోజుల తర్వాత ఆకలేసినట్టు తింది. రేపు పొద్దున ఏ జాకెట్టు ముందు కుట్టాలో, ఎడమ చేతుల జాకెట్టు ఎట్లా సరిచేయాలో నాతో చెప్పింది. తర్వాత పొట్టు దులుపుకుని నా వైపు తిరిగింది.

"వదినా, మా అన్న ఎసోంటోడు? మంచోడేనా?"

ప్రయాణికులకు నా అభిప్రాయం చెప్పాలి కదా. మానవపాడు దూరం కాదు, దారి కష్టం కాదు, ఆ ఇంట్లో మోసం లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. వాళ్ల గురించి భయంకరమైన కథలు రాసిన వాళ్లెవరూ మేకల వెంట పోలేదని మాత్రం తెలుస్తోంది. కళ్లు కావలసిన వాళ్లు పోవచ్చు. తోడు పోయే వాళ్లు మాత్రం అడగాలనుకున్నవన్నీ గడప ఎక్కకముందే అడిగేసుకోవాలి.

మంచోడే అన్నాను. ఇంకేం చెప్పాలో తోచక, ఆమె మధ్యాహ్నం చెప్పిందే చెప్పాను. ఆదివారాలు, పేకాట అబద్ధం, గొళ్లెం పెట్టిన తలుపు, హుక్కులు. సుజాత ఆశ్చర్యంగా, ఇష్టంగా వింది. కుట్టుపని తెలిసిన మనిషి గనుక ఒక ప్రశ్న అడిగింది.

"హుక్కులు మంచిగ కుట్టేటోడా మరి? మగోళ్లు దారం వదులుగ వదుల్తరు."

నాకు తెలియదన్నాను. బండి గద్వాల వైపు పోతోంది. ఆ సంగతి ఇప్పుడు నీలవ్వకు ఒక్కదానికే తెలుసు.